గౌరవానికి దరఖాస్తు

2025 జనవరి 17న రాష్ట్రపతి భవన్‌లో జాతీయ క్రీడా పురస్కారాలు ఇచ్చారు. వరంగల్ జిల్లా పర్వతగిరి మండలం కల్లెడకు చెందిన పారా అథ్లెట్ జీవంజి దీప్తి, రాష్ట్రపతి ద్రౌపది ముర్ము చేతుల మీదుగా అర్జున అందుకుంది. ఆ పురస్కారం చుట్టూ నస్పూర్‌లో తండ్రీబిడ్డల మధ్య సాగిన వాదన ఇది. తండ్రి శ్రీరాంపూర్ ఏరియా బొగ్గు బాయిల్లో పనిచేసి దిగిపోయిన కార్మికుడు. వయసులో ఉన్నప్పుడు ఏరియా కబడ్డీ జట్టులో ఆడినవాడు. బిడ్డ ఉట్నూర్ దిక్కు ఒక ఆశ్రమ పాఠశాలలో పీఈటీ, సెలవుకు ఇంటికొచ్చింది. ఈ ఇద్దరినీ నేను సింగరేణి క్వార్టర్లలో విన్న మాటల్లోంచి కూర్చుకున్నాను. వాళ్లు తర్కించుకున్న సంగతులు మాత్రం కల్పన కావు.

తండ్రి: చూసినవా బిడ్డా, కల్లెడ పిల్ల రాష్ట్రపతి ముందట నిలబడ్డది. కూలికి పోయేటోళ్ల బిడ్డ. గా ఫొటో ఒక్కటి చాలు, మన దిక్కు ఆడపిల్లల్ని గ్రౌండుకు తోలియ్యమని తల్లిదండ్రులకు చెప్పుటానికి.

బిడ్డ: చూసిన బాపు. సంబురమే. కానీ జెర్ర తారీఖులు చూడు. 2024 మే నెలల కోబెల 400 మీటర్లు 55.07 సెకండ్లల ఉరికింది. అప్పటికి అది ప్రపంచ రికార్డు. సెప్టెంబర్‌ల ప్యారిస్ పారాలింపిక్స్‌ల కాంస్యం తెచ్చింది. ఆ నెలలనే మన సర్కారు కోటి రూపాయలు, గ్రూప్-2 ఉద్యోగం, వరంగల్‌ల 500 గజాల జాగ ఇస్తమన్నది. అన్నీ అయినంక జనవరిల అర్జున వచ్చింది. దేశమంతా గుర్తువట్టినంక గుర్తుపట్టుడు ఎందుకు? గీ పిల్లను హైదరాబాద్ తోలియ్యమని కోచ్ నాగపురి రమేశ్ సార్ అడిగిన నాడు ఇంట్ల బస్సు కిరాయికి పైసల్లేవు. సాయం కావల్సింది గా పొద్దు.

తండ్రి: నువ్వు రెండు ముచ్చట్లు ఒక్క తాన కలుపుతున్నవ్. సాయం వేరు, సన్మానం వేరు. బస్సు కిరాయి ఇచ్చుడు సాయం. అది అప్పుడే ఇయ్యాలె, నేను కాదంటలేను. కానీ సన్మానం గెలిచినంకనే చేస్తరు. ముందుగాల చేస్తే దాన్ని సన్మానమంటరా?

బిడ్డ: గెలిచినోళ్లకు మెడలే సన్మానం గద బాపు.

తండ్రి: కాదు. మెడల్ ఉరికిన దానికి. అర్జున మనిషికి. గా పిల్ల చిన్నగున్నప్పుడు ఊళ్లె ఏమేం మాటలన్నరో ఆమె తల్లే పేపరోళ్లకు చెప్పింది. బుద్ధిమాంద్యమని ఎగతాళి చేసిన్రు. ఎక్కడన్న ఇడిసిపెట్టుమన్నరట. అసొంటి పిల్లను దేశం పిలిచి, పేరు చదివి, అందరు చూడంగ నిలబెట్టింది. గా మాటలన్న నోళ్లకు 55 సెకండ్ల లెక్క సమజ్ కాదు. రాష్ట్రపతి భవన్ సమజ్ అయితది.

ఇక్కడ తండ్రి దగ్గర ఒక బలమైన లెక్క ఉంది. ఆ ఏడు అర్జున అందుకున్న 32 మందిలో 17 మంది పారా క్రీడాకారులు. విశాఖ హర్డిల్స్ అమ్మాయి యర్రాజి జ్యోతి పేరు, దీప్తి పేరు ఒకే జాబితాలో, ఒకే పురస్కారం కింద ఉన్నాయి. మన దగ్గర వైకల్యం ఉన్న పిల్లలకు బడి వేరు, ఆట వేరు, చప్పట్లు కూడా వేరు. ఆ వేర్పాటు లేని చోటు ఒక్కటైనా దేశంలో ఉండటం చిన్న సంగతి కాదు.

బిడ్డ: గది ఒప్పుకుంట. కానీ సన్మానం మనిషికి అన్నవు గద, మనిషి దాకా ఎట్ల పోతున్నదో గది చెప్పు. ఇదే ఏడాది షూటర్ మను భాకర్ సంగతి ఏమైంది? ప్యారిస్ ఒలింపిక్స్‌ల రెండు కాంస్యాలు. స్వాతంత్ర్యం వచ్చినంక ఒక్క ఒలింపిక్స్‌ల రెండు మెడల్స్ తెచ్చిన మొదటి మనిషి. డిసెంబర్‌ల ఖేల్ రత్నకు అనుకుంటున్న పేర్లల్ల ఆమె పేరు లేదని బయటికొచ్చింది. దేశమంతా లొల్లి. దరఖాస్తు పెట్టుకునేటప్పుడు నా దిక్కు నుంచే తప్పు జరిగిందేమో అని ఆ పిల్లనే చెప్పుకోవాల్సి వచ్చింది. తర్వాత జాబితాల చేర్చిన్రు. రెండు మెడళ్లు తెచ్చిన పిల్ల కాగితం సరిగ నింపలేదని సంజాయిషీ ఇచ్చుకునుడేంది? నీకు సింగరేణి డిసెంబర్ 23 నాడు ఉత్తమ కార్మికుడని శాలువ కప్పింది. నువ్వు దరఖాస్తు పెట్టినవా?

తండ్రి: నేనెందుకు పెడ్త? హాజిరీ పుస్తకముంటది, పని చూసిన సర్దారు ఉంటడు, మేనేజరు ఉంటడు. వాళ్లే పేరు రాసిన్రు.

బిడ్డ: గదే నేను చెప్పేది. పని చూసినోడు పేరు రాయాలె. చేసినోడు నేను మంచిగ చేసిన, నాకియ్యుండ్రి అని రాసుకునుడు సన్మానమెట్లయితది?

ఈ మాట దగ్గర నేను బిడ్డ పక్షం. అడిగి తీసుకునేది పింఛను కావచ్చు, రుణం కావచ్చు, హక్కు కావచ్చు. అడిగినాక ఇచ్చే గౌరవంలో ఇచ్చేవాడిదే పైచేయి అవుతుంది. దేశం తరఫున ఆడినవాళ్ల ముందు దేశం పైచేయిగా నిలబడటం నాకు ఎప్పుడూ నచ్చలేదు.

తండ్రి: నువ్వు చిన్నదానివి, ఎన్కటి ముచ్చట నీకు తెల్వది. ఇదివరకు పేర్లు పంపేది ఫెడరేషన్లు. ఫెడరేషన్ల ఎవలుంటరు? పెద్ద మనుషులు. వాళ్లకు నచ్చనోని పేరు ఢిల్లీ దాక పోతదా? ఆటగాడే సొంతంగ దరఖాస్తు పెట్టుకోవచ్చు అని తెచ్చింది గందుకే. గా దారి మూసేస్తే మల్ల పెద్దమనుషుల చేతులకే పోతది. దరఖాస్తంటే నీకు బిచ్చమడిగినట్టు కనిపిస్తున్నది. నాకైతే కాళ్లు మొక్కుడు తప్పిచ్చిన కాగితంలెక్క కనిపిస్తున్నది.

బిడ్డ: ...

తండ్రి: ఏం మాట్లాడవు?

బిడ్డ: ఆలోచిస్తున్న బాపు. గా మాట కొట్టిపారేసేది కాదు. మల్లొస్త దాని కాడికి. ముందుగాల గురువుల సంగతి తేలుద్దాం. నిజామాబాద్ నుంచి ఇద్దరు బాక్సర్లకు అర్జున వచ్చింది. నిఖత్ జరీన్‌కు 2022ల, హుసాముద్దీన్‌కు 2023ల. నిఖత్‌కు నిజామాబాద్ల బాక్సింగ్ నేర్పింది హుసాముద్దీన్ నాయిన షంసముద్దీన్. ఒక్క ఊళ్లె ఒక్క మనిషి చేతుల కింద ఇద్దరు అర్జునలు మొదలైన్రు. నిఖత్ పేరు దేశమంతా తెలుసు. షంసముద్దీన్ పేరు నిజామాబాద్ దాటితే ఎంతమందికెరుక?

తండ్రి: గురువులకు ద్రోణాచార్య ఉన్నది గదా. మన రమేశ్ సార్‌కు 2016ల వచ్చింది. గోపీచంద్‌కు 2009ల వచ్చింది. అంతకుముందే ఆయనకు అర్జున, ఖేల్ రత్న గూడ ఉన్నయి. ఆడిండు, ఆడిపిచ్చిండు, రెండింటికీ గుర్తింపు దొరికింది.

బిడ్డ: వాళ్లు అర్హులే. వాళ్ల గురించి నేను ఒక్క మాట అనను. కానీ ద్రోణాచార్య ఎవరికి? అంతర్జాతీయ మెడళ్లు తెచ్చినోళ్లకు ట్రైనింగిచ్చిన కోచ్‌లకు. అంటే ఆఖరి మెట్టు మీద ఉన్నోళ్లకు. కల్లెడల ఆర్డీఎఫ్ బడి ఉన్నది. దీప్తి ఉరుకుడు చూసి, ఈ పిల్లల ఏదో ఉన్నదని మొదలు పసిగట్టింది ఆ బళ్లె పీఈటీ బియ్యాని వెంకటేశ్వర్లు సార్. ఆయన చూడకపోతే రమేశ్ సార్ కండ్లల్ల పడేదాక ఆ పిల్ల వచ్చేదేనా? దీప్తికి పారా విభాగంల ఆడే అర్హత ఉన్నదో లేదో సికింద్రాబాద్ల పరీక్ష చేపియ్యుమని గోపీచంద్ చెప్పకపోతే, ఇయ్యాల్టి దాక మామూలు పోటీలల్లనే మిగిలిపోయేది. ఇంతమంది చేతులు పడితె ఒక్క పతకం. నువ్వే చెప్పు, బాయిల టబ్బు ఒక్కనితోని నిండుతదా?

తండ్రి: నిండదు. షాట్‌ఫైరర్ పేల్చాలె, టింబర్‌మన్ పైకప్పుకు దిమ్మెలు పెట్టాలె, ఫిల్లర్లు తట్టలెత్తాలె, ట్రామర్లు తోయాలె. గ్యాంగుల ఒక్కడు నాగా పెడ్తె అందరి కోల్ తగ్గుతది.

బిడ్డ: మరి శాలువ ఎవరికి కప్పిన్రు?

తండ్రి: నాకు. (కొంతసేపాగి) కప్పినప్పుడు మా గ్యాంగోళ్లు స్టేజీ కింద చప్పట్లు కొట్టిన్రు. వాళ్లకు గూడ వస్తే మంచిగుండు, నిజమే. కానీ ఒకటి చెప్త విను. అందరికి కప్పితే ఎవరికి కప్పినట్టు కాదు. చిన్న పోరగాడు ఎవర్ని చూసి నేర్చుకోవాలె? ఒక్క మొఖం కనవడాలె. నిఖత్ మొఖం కనవడ్డది, నిజామాబాద్ల బాక్సింగ్ నేర్పుమని ఆడపిల్లలు వచ్చిన్రు. మొఖం లేని సన్మానం పోరగాండ్లకు ఆనదు.

జట్టు గురించి ఇక్కడ ఒక్క మాట. ఆటగాళ్లకిచ్చే మన జాతీయ పురస్కారాలు పుట్టుకనుంచీ ప్రధానంగా వ్యక్తులవే. 1961లో అర్జున మొదలైనప్పుడు ఫుట్‌బాల్‌కు పీకే బెనర్జీ, హాకీకి పృథిపాల్ సింగ్, బ్యాడ్మింటన్‌కు నందూ నాటేకర్, చెస్‌కు మాన్యుయెల్ ఆరన్, ఇలా ఆటకొక పేరు. ప్రతిష్ఠాత్మకమైన ఖేల్ రత్న 1991-92లో విశ్వనాథన్ ఆనంద్‌తో మొదలైంది. అమలాపురం కుర్రాడు రంకిరెడ్డి సాత్విక్ సాయిరాజ్, ముంబై చిరాగ్ శెట్టి 2023 ఖేల్ రత్నను జంటగా పొందారు. డబుల్స్‌లో ఒకరికిచ్చి ఇంకొకరికి ఇవ్వకపోవడం ఎలాగూ కుదరదు. కబడ్డీలో ఏడుగురు, ఖోఖోలో తొమ్మిది మంది, ఫుట్‌బాల్‌లో పదకొండు మంది ఉంటే కుదురుతుంది, అదే మనకు అలవాటు. వ్యక్తి పురస్కారాల పక్కన ఆ ఏటి ఉత్తమ జట్టుకు కూడా ఒక పురస్కారం ఉండాలని నాకు గట్టిగా అనిపిస్తుంది. తండ్రి ఒప్పుకోడు, తెలుసు.

బిడ్డ: మొఖం కనవడాలె, సరే. హైదరాబాద్ రహీం సాబ్ మొఖం ఎన్నడు కనవడ్డది? బడి పంతులు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌ల ఇండియా ఫుట్‌బాల్‌ను నాలుగో స్థానం దాక తీస్కపోయిండు. 1962 జకార్తా ఏషియాడ్ల ఫైనల్‌ల కొరియాను ఓడగొట్టిచ్చి స్వర్ణం తెచ్చిండు. అప్పటికే క్యాన్సర్. 1963ల పోయిండు. ఆయన కింద ఆడిన సికింద్రాబాద్ తులసీదాస్ బలరాంకు అర్జున వచ్చింది. రహీం సాబ్‌కు ఏమొచ్చింది? 2024ల సినిమా వచ్చింది.

తండ్రి: అందుకే గద నేను చెప్పేది! అప్పుడు గురువులకు పురస్కారమే లేదు. ద్రోణాచార్య పెట్టింది 1985ల. 1962ల ఉంటే రహీం సాబ్‌కు రాకపోతుండెనా? పురస్కారం లేకుంటే జనం ఎట్ల మర్చిపోతరో నీ రహీం సాబే సాక్ష్యం. కె.డి. జాదవ్ సంగతి తెలుసు గదా. 1952 హెల్సింకిల కుస్తీల కాంస్యం, స్వతంత్ర భారతానికి మొట్టమొదటి వ్యక్తిగత ఒలింపిక్ పతకం. 1984ల పోయిండు. అర్జున ఇచ్చింది ఆయన పోయిన ఎన్నో ఏండ్లకు. ఆలస్యం తప్పు. ఇచ్చుడు తప్పు కాదు.

బిడ్డ: ఇంకొకటి. మా ఆశ్రమ బళ్లె గోండు పిల్లలు, కోలాం పిల్లలు. విలువిద్య నేర్పుతుంటె ఒక పిల్లడడిగిండు, గురువుకు ఇచ్చే అవార్డుకు ఏకలవ్యుని బొటనవేలు తీస్కున్న ద్రోణుని పేరెందుకు పెట్టిన్రు టీచర్ అని. నేనేం చెప్పాలె?

తండ్రి: పేరు మార్చితే బాణాలొస్తయా? 2021ల ఖేల్ రత్నకు రాజీవ్ గాంధీ పేరు తీసి ధ్యాన్‌చంద్ పేరు పెట్టిన్రు. మన జిల్లాల ఒక్క గ్రౌండన్న బాగుపడ్డదా? పేర్ల మీద లొల్లి చేస్తే పేర్లే మారుతయి బిడ్డా.

బిడ్డ: గది నిజమే. ఆ పిల్లగానికి నేను జవాబు బాకీ ఉన్న. సరే, పోనియ్. 2023 డిసెంబర్ యాదున్నదా? వినేశ్ ఫోగట్ ఖేల్ రత్న, అర్జున రెండూ కర్తవ్య పథ్ రోడ్డు మీద పెట్టి పొయ్యింది. రెజ్లింగ్ ఫెడరేషన్ పెద్దమనిషి మీద ఆడపిల్లలు చేసిన లైంగిక వేధింపుల ఫిర్యాదు ఎవలు పట్టించుకోలేదని బాధ. అంతకుముందే తోటి కుస్తీ ఆటగాడు బజరంగ్ పద్మశ్రీ వాపస్ ఇచ్చిండు. నెత్తిన కిరీటం పెట్టిన సర్కారే ఫిర్యాదు వినకపోతె ఆ కిరీటానికి విలువేంది? సన్మానం సన్మానం అంటున్నవు. సన్మానం చేసి నోరు మూసుకోమంటె?

తండ్రి: నేను ఆ ఫొటో చూసి తిండి తినలేదు ఆ పొద్దు. కానీ నువ్వు ఒకటి చూడలేదు. ఆ పిల్ల ఏం పెట్టి అడిగింది? అర్జున పెట్టి అడిగింది. చేతులల్ల ఏం లేకుంటే ఏం వాపసిస్తది? దేశమంతా ఎట్ల చూస్తది? బాయిల మేం సమ్మె జేస్తే పని ఆపినం, పని మా చేతుల ఉన్నది గనుక. ఆటగాళ్ల చేతుల ఉన్నది గీ గౌరవమే. సర్కారు ఇచ్చిందే సర్కారు ముందట పెట్టి నిలబడ్డది. నోరు మూసుడు కాదు, నోరు తెరిచేటందుకు బలమిచ్చింది గదే.

ఆ సంఘటన మీద నేను చదివిన వాటిలో ఈ ముసలాయన మాటంత సూటైనది లేదు. పురస్కారాన్ని వదిలివెళ్లడంలోనే దాని బరువు తెలిసింది. ఆ బరువు ఇచ్చినవాళ్లకంటే తీసుకున్నవాళ్లకే బాగా తెలుసు.

బిడ్డ: ఓడిపోయిన బాపు, గీ ఒక్క ముచ్చటల. కానీ బలమున్న మాట గద, గందుకే సరిగ్గ పంచాలె. 2015ల సానియా మీర్జాకు ఖేల్ రత్న ఇస్తుంటె, లండన్ పారాలింపిక్స్ హైజంప్‌ల వెండి తెచ్చిన కర్ణాటక గిరీశ కోర్టుకు పోయిండు, పాయింట్ల లెక్కల నేను ముందున్న అని. హైకోర్టు నోటీసులిచ్చింది. సానియా అవార్డు తీస్కున్నది. ఎవలు అర్హులో తేల్చేటంత పెద్దదాన్ని కాదు నేను. ఇద్దరు మంచి ఆటగాళ్లను కోర్టుల నిలబెట్టే పద్ధతి మాత్రం మంచిది కాదు. 2020ల పైసలు గూడ పెంచిన్రు. ఖేల్ రత్నకు 25 లక్షలు, అర్జునకు 15 లక్షలు. పైసలు పెరిగిన కొద్ది లెక్క తేటగుండాలె.

తండ్రి: మరి నీ పద్ధతేంది? తిట్టుడు కాదు, చెప్పు.

బిడ్డ: చెప్త. మూడే ముచ్చట్లు. నువ్వన్నట్టు ఫెడరేషన్ చేతుల పెట్టద్దు. ఆటగాని నెత్తిన గూడ పెట్టద్దు. ఎవలు ఏ పోటీల ఏ మెడల్ తెచ్చిన్రో మంత్రిత్వ శాఖకు తెల్వదా? నగదు బహుమతులు ఇచ్చేది వాళ్లే, క్యాంపులకు పంపేది వాళ్లే, విమానం టికెట్లు కొనేది వాళ్లే. నాలుగేండ్ల లెక్క వాళ్ల దగ్గరే ఉన్నది. వాళ్లే పాయింట్లు కట్టాలె, జాబితా అందరికి కనవడేటట్టు పెట్టాలె. తప్పువోయిందనుకుంటె అడిగే హక్కు ఆటగానికి ఉండాలె. అప్పుడు గా కాగితం నువ్వన్న బలమే అయితది, బిచ్చం కాదు.

తండ్రి: ఇది ఒప్పుకుంట. ఇంతకు ముందే చెప్తె ఇంత సేపు కొట్లాడకపోదుము.

బిడ్డ: కొట్లాడకపోతే నాకే తట్టకపోవు. రెండోది, పేరు చదివేటప్పుడు బడి పేరు, మొదటి గురువు పేరు చదవాలె. పైసలొద్దు, పేరు చాలు. దీప్తి పేరుతోని కల్లెడ బడి పేరు రాష్ట్రపతి భవన్ల వినవడితె ఎట్లుంటదో ఆలోచించు.

తండ్రి: ఎవలు మొదటి గురువో ఎవలు తేలుస్తరు? మెడల్ వచ్చినంక నేనంటె నేనని పది మంది వస్తరు. మన దిక్కు సర్పంచి గూడ నేనే నేర్పిన అంటడు.

బిడ్డ: ఆటగాడే చెప్పాలె. ఎవలు నేర్పిన్రో ఆ పిల్లకు తెల్వదా?

తండ్రి: తెలుసు. (తల ఊపి) తెలుసు. మూడోది?

బిడ్డ: మూడోది నీకు నచ్చది. అర్జునకు ఖర్చు పెట్టినంత పైసలు ప్రతి ఏడు గా ఆటగాడు చదివిన బడి గ్రౌండుకు ఇయ్యాలె. రాష్ట్రీయ ఖేల్ ప్రోత్సాహన్ అని 2009 నుంచి ఒకటున్నది. కంపెనీలకు, అకాడమీలకు, సంస్థలకు ఇస్తరు. యూనివర్సిటీలకు మౌలానా ఆజాద్ ట్రోఫీ ఉన్నది. సర్కారు బడికి ఏమున్నది? మా తాన పొద్దుగాల లేచి పిల్లలే రాళ్లేరుకుంటరు. ఆదిలాబాద్, కరీంనగర్ల స్పోర్ట్స్ స్కూళ్లున్నయి. నాలుగో తరగతి పిల్లల్ని పరీక్ష వెట్టి తీస్కుంటరు. 30 మీటర్లు, 800 మీటర్లు, షటిల్ రన్, స్టాండింగ్ బ్రాడ్ జంప్, మెడిసిన్ బాల్ అన్నీ చేపిస్తరు. మెడిసిన్ బాల్ ఎన్నడు ముట్టుకోని పిల్ల పరీక్ష రోజే దాన్ని చేతులల్ల పట్టుకుంటది. అది ఎంత దూరం విసురుతది?

తండ్రి: గిదెందుకు నచ్చదంటివి? నచ్చింది. కానీ గీ పైసలు అర్జునల నుంచి కోత పెట్టి ఇయ్యద్దు. ఎన్కట ఖేల్ రత్నకు ఏడున్నర లక్షలుంటె తక్కువని మొత్తుకున్నం. ఆట దిగిపోయినంక మోకాళ్లు పట్టుకుంటయి, గా పైసలే ఆసరా. పిల్లలది పిల్లలకు, గ్రౌండుది గ్రౌండుకు.

బిడ్డ: కోత పెట్టమని అనలేదు బాపు. ఇంకో పద్దు రాయమన్న.

తండ్రి: అయితె రాయుమని కాగితం నువ్వే పెట్టు. మీ ఐటీడీఏకు, జిల్లా క్రీడల అధికారికి, ఢిల్లీల క్రీడల శాఖకు. సర్కారు బడి గ్రౌండుకు అడుగుడు బిచ్చం కాదు గదా.

బిడ్డ: కాదు. గ్రౌండు హక్కు. రేపు ఉట్నూర్ పోయేలోపల రాసి చూపిస్త, తప్పులు దిద్దు.